వీడియో గేముల ప్రక్రియానామాలు: యోగార్థం, రూఢి, వర్గీకరణ సమస్య

వ్యాససంగ్రహం:
వీడియో గేములను ప్రక్రియలుగా విభజించే ప్రయత్నాలు నాలుగు దశాబ్దాలుగా సాగుతున్నా ఏ ఒక్క జాబితా స్థిరపడలేదు. ఆటలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడమే ఇందుకు కారణమని సాధారణంగా చెబుతారు. ప్రక్రియానామాల్లో అధికభాగం రూఢాలు కాగా, వాటిని యౌగికాలుగా చదవడం అంతకంటే మౌలికమైన కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఒకే ఇంజిన్ మీద నిర్మితమైన హాఫ్-లైఫ్ 2, పోర్టల్, డియర్ ఎస్తర్ అనే మూడు ఆటలను ప్రధానంగా పరిశీలించి, ఈ పేర్లను తెలుగులోకి తెచ్చుకోవడంలో ఉన్న చిక్కును చర్చిస్తుంది.

కీలకపదాలు: వీడియో గేమ్, ప్రక్రియ, వర్గీకరణ, యౌగికం, రూఢం, అతివ్యాప్తి, అధికారి, అనువాదం.

1. ఉపోద్ఘాతం

ఆంగ్లంలో ‘అడ్వెంచర్ గేమ్’ అని పిలిచే వీడియో గేమును తెలుగులో ‘సాహస క్రీడ’ అని అనువదిస్తే రెండు పొరపాట్లు ఒకేసారి జరుగుతాయి. మొదటిది పైకి కనిపించేదే. పత్రికల తెలుగులో సాహస క్రీడలంటే పర్వతారోహణ, పారాగ్లైడింగ్ వంటివి. రెండోది లోపల ఉంది. ఆ ఆటలకు అడ్వెంచర్ అనే పేరు వాటిలోని సాహసం వల్ల రాలేదు. కెంటకీలోని మామత్ గుహలను స్వయంగా అన్వేషించిన విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్, ఆ అనుభవంతో 1976 ప్రాంతంలో కేవలం అక్షరాలతో నడిచే ఒక ఆటను రాశాడు. 1977లో డాన్ వుడ్స్ దానిని విస్తరించాడు. ‘కొలోసల్ కేవ్ అడ్వెంచర్’గా స్థిరపడిన ఆ ఆటను అప్పటివారు క్లుప్తంగా ‘అడ్వెంచర్’ అనేవారు. దాని పద్ధతిలో వచ్చినవి అడ్వెంచర్ గేములయ్యాయి. ఉత్తరానికి వెళ్ళమనీ, దీపం తీసుకోమనీ ఆజ్ఞలు టైపు చేస్తూ, దొరికిన వస్తువులను తగిన చోట వాడి అడ్డంకులు తొలగించుకుంటూ పోవడం ఆ ఆటల తీరు. ఇక్కడ చేతివేగానికి పని లేదు, ఆలోచనకే పని. ఒక ఆట పేరు ఒక జాతికి పేరైంది.

నేడు ‘యాక్షన్-అడ్వెంచర్’ లేబులుతో అమ్ముడవుతున్న ఆటల్లో చాలావాటికి ఈ వంశంతో సంబంధం లేదు. వాటి విషయంలో ఆ మాట మళ్ళీ నిఘంటువులోని అర్థానికి చేరింది. ‘అడ్వెంచర్ గేముల్లో కథన పద్ధతులు’ అని సిద్ధాంతవ్యాసానికి శీర్షిక పెట్టుకొన్న పరిశోధకుడు ఆన్‌లైన్ దుకాణంలో ఆ లేబులున్న ఆటలను వరసగా ఏరుకుంటే, ఆ సేకరణ ఒకే జాతికి చెందినది కాబోదు. వాటి మీద చేసే సామాన్యీకరణలు సామగ్రి ఎంపికలోనే చెడిపోతాయి. ప్రక్రియల పేర్ల చర్చను పరిభాషావేత్తలకు వదిలేసి ముందుకు సాగలేకపోవడానికి కారణం ఇదే.

ఈ చిక్కును గుర్తించడానికి కొత్త పరికరాలు అక్కర్లేదు. పదాలను యౌగికాలు, రూఢాలు, యోగరూఢాలు అని విభజించే శబ్దార్థ విచారం తెలుగు, సంస్కృత శాఖల విద్యార్థులకు పరిచితమే. ‘పాచకుడు’ యౌగికం, అవయవాల అర్థమే పదానికి అర్థం. ‘ఘటం’ రూఢం, విడదీసి చూసి తెలుసుకునేది లేదు. ‘పంకజం’ యోగరూఢం, బురదలో పుట్టినదన్న అర్థం ఉన్నా, బురదలో పుట్టినవన్నీ పంకజాలు కావు. వీడియో గేముల ప్రక్రియానామాల్లో ఈ మూడు రకాలూ ఉన్నాయి. ‘రేసింగ్ గేమ్’ దాదాపుగా యౌగికం. ‘ప్లాట్‌ఫార్మర్’ యోగరూఢం. 1981 నాటి డాంకీ కాంగ్ మొదలుకొని అరుగుల మీద ఎగిరి దూకడం దాని లక్షణమే అయినా, అరుగులున్న ప్రతి ఆటకూ ఆ పేరు చెల్లదు.

‘రోల్-ప్లేయింగ్ గేమ్’ ఏనాడో రూఢమైపోయింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ప్రచురించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో బల్ల చుట్టూ కూర్చున్నవారు నిజంగానే తమ పాత్రల తరఫున మాట్లాడేవారు. ఆ ఆటలోంచి కంప్యూటరులోకి సులభంగా దిగినవి మాత్రం అంకెలు: బలం, ఆరోగ్యం, అనుభవం, స్థాయి. 1986 నాటి జపాన్ ఆట డ్రాగన్ క్వెస్ట్‌లో ఆడేవారు అభినయించేది ఏమీ లేదు. అయినా ఆ ప్రక్రియకు అది ప్రామాణికమైన ఉదాహరణ. దీనిని ‘పాత్రపోషణ క్రీడ’ అంటే తెలుగు పాఠకుడికి రంగస్థలం స్ఫురిస్తుందే తప్ప, యుద్ధం గెలిచిన ప్రతిసారీ పెరిగే అంకెల పట్టిక స్ఫురించదు.

2. ఒకే ఇంజిన్, ఒకే చూపు, మూడు పేర్లు

ఆటలు కలిసిపోవడం వల్లే వర్గీకరణ కష్టమవుతోందన్న వాదాన్ని పరీక్షించడానికి, వీలైనన్ని అంశాల్లో సమానంగా ఉండి పేరులో మాత్రం భేదించే ఆటలను ఎంచుకోవడం మేలు. వాల్వ్ సంస్థ తయారుచేసిన సోర్స్ ఇంజిన్ మీద అటువంటివి మూడు దొరుకుతాయి: 2004లో వచ్చిన హాఫ్-లైఫ్ 2, 2007 నాటి పోర్టల్, 2008లో మొదట ఉచితంగా వెలువడిన డియర్ ఎస్తర్. మూడింటిలోనూ ప్రపంచం పాత్ర కళ్ళలోంచే కనిపిస్తుంది. మౌసు కదిపితే చూపు తిరుగుతుంది. కీబోర్డు నొక్కితే అడుగు పడుతుంది. మొదటిదానిని ఫస్ట్-పర్సన్ షూటర్ అనీ, రెండోదానిని పజిల్ అనీ, మూడోదానిని వాకింగ్ సిమ్యులేటర్ అనీ పిలుస్తారు.

హాఫ్-లైఫ్ 2 గురించి ఎవరికీ పేచీ లేదు. ఆ నిర్వివాదమే ఆశ్చర్యకరం. ఒక చోట పైకి లేచే పలక మీద ఇటుకలు పేర్చి బరువు సరిచేయాలి. అది భౌతికశాస్త్రం మీద ఆధారపడిన పజిల్. రావెన్‌హోమ్ అనే ఊరి అధ్యాయం ఆద్యంతం భయానకం. నీటిబండిలోనూ, బగ్గీలోనూ సాగే ప్రయాణాలు చాలాసేపు నడుస్తాయి. ఇన్ని కలిసినా షూటర్ అనే పేరుకు భంగం రాలేదు. కలయిక ఒక్కటే పేరును చెదరగొట్టదని దీనివల్ల తేలుతోంది.

పోర్టల్ దగ్గర మరో రకమైన చిక్కు ఎదురవుతుంది. ఆడేవారి చేతిలో తుపాకీ వంటి ఒక పరికరం ఉంటుంది. గురి చూసి మీట నొక్కితే గోడకు తగిలి అక్కడ ద్వారం తెరుచుకుంటుంది. నీలి ద్వారంలో దూరినవారు నారింజ ద్వారంలోంచి బయటపడతారు. చూపు పాత్రదే, జరిగే పని కాల్చడమే. ‘ఫస్ట్-పర్సన్ షూటర్’ను యౌగికంగా చదివితే పోర్టల్ ఆ లక్షణంలో పూర్తిగా ఇముడుతుంది. అంటే లక్షణానికి అతివ్యాప్తి దోషం పట్టింది. దానిని తప్పించడానికి ‘శత్రువులను కాల్చడం’ అని విశేషణం చేర్చవచ్చు. అప్పుడు, పోర్టల్‌లో శత్రువులు లేరా అన్న ప్రశ్న వస్తుంది. ఉన్నారు, ఎర్రని కాంతిరేఖతో గురిపెట్టి కాల్పులు జరిపే యంత్రాలున్నాయి. వాటిని కాల్చి చంపడం కుదరదు గాని పడదోయవచ్చు, నెత్తిన పెట్టె జారవిడవచ్చు. విశేషణాలు చేర్చుకుంటూ పోతే లక్షణం ఒక్క ఆటకే సరిపోయేంత సన్నబడి, తక్కిన షూటర్లలో అవ్యాప్తి మొదలవుతుంది.

ఇక్కడ ప్రశ్నను మార్చి అడగడం ఉపయోగకరం. ఆట ఎలా ఉందన్నదానికి బదులు, ఆడేవారు ఎందువల్ల ఓడిపోతారని అడగాలి. హాఫ్-లైఫ్ 2లో గురి తప్పడం వల్ల, తలదాచుకోవడంలో ఆలస్యం వల్ల ఓడిపోతారు. పోర్టల్‌లో దారి తోచక ఆగిపోతారు. అయితే ఈ సమాధానం కూడా పూర్తి కాదు. పోర్టల్ 2007లో ది ఆరెంజ్ బాక్స్ అనే సంపుటిలో హాఫ్-లైఫ్ 2తో కలిసి విడుదలైంది. ఆ సంపుటిని కొన్నవారికి నడుస్తూనే తల తిప్పి చూడడం అప్పటికే అలవాటు. అటువంటి ఆట ఎన్నడూ ఆడనివారికి పోర్టల్‌లో మొదటి అవరోధం పజిల్ కాదు. ఒక చేత్తో నడక, మరో చేత్తో చూపు నడపడమే అవరోధం. ద్వారాల వాడకాన్ని ఓపికగా మెట్టుమెట్టుగా నేర్పే ఆట, ఈ నేర్పును మాత్రం చాలావరకు ముందే ఉన్నట్టు భావించుకుంది.

శాస్త్రగ్రంథాల ఆరంభంలో చెప్పే అనుబంధ చతుష్టయం ఇక్కడ గుర్తుకు రావాలి: విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. వీడియో గేముల ప్రక్రియానామాలు విషయాన్ని చెబుతున్నట్టు కనిపిస్తాయి కాని, చాలా సందర్భాల్లో అవి నిర్దేశించేది అధికారిని. ఏ నేర్పు ఉన్నవారు, ఏ ఓటమికి సిద్ధపడినవారు ఈ ఆటకు రావచ్చో అవి చెబుతాయి. పోర్టల్‌ను పజిల్ అనడం వల్ల తెలిసేది ‘ఇక్కడ ఆలోచించగలవారు కావాలి’ అన్న సంగతి. ఆ పేరు దాచిపెట్టేది, షూటర్లకు అలవాటుపడిన చేతులు కూడా కావాలన్న సంగతి.

డియర్ ఎస్తర్ విషయంలో అధికారి ప్రశ్న వివాదంగా మారింది. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంలో డాన్ పించ్‌బెక్ చేపట్టిన పరిశోధనలో భాగంగా ఇది పుట్టింది. షూటర్ నుంచి కాల్చడాన్ని తీసివేస్తే ఏం మిగులుతుందన్నది ఆ పరిశోధన ఎదుట ఉన్న ప్రశ్న. స్కాట్లండు పడమటి సముద్రంలోని హెబ్రిడీస్ దీవుల్లో ఒకటనిపించే నిర్జన ద్వీపంలో నడుస్తూ పోతుంటే, ఒక గొంతు ఎస్తర్‌కు రాసిన ఉత్తరాల శకలాలను వినిపిస్తుంది. ఒక చోట ఏ శకలం వినిపిస్తుందో ఆడిన ప్రతిసారీ కొంత మారుతుంది. ఓటమి లేదు, గెలుపు లేదు. 2012లో స్వతంత్ర రూపంలో అమ్మకానికి వచ్చాక, దీనికీ, 2013లో వచ్చిన గాన్ హోమ్‌కూ ‘వాకింగ్ సిమ్యులేటర్’ అనే పేరు తగిలించారు.

యౌగికంగా ఈ పేరు అబద్ధం. డియర్ ఎస్తర్ నడకను అనుకరించదు. బరువు, అలసట, కాలు జారడం ఏవీ అందులో లేవు. ఆ పేరుకు న్యాయంగా తగినది 2019 నాటి డెత్ స్ట్రాండింగ్. వీపు మీది బరువు వల్ల తూలిపోకుండా నిలదొక్కుకోవడం అందులో ప్రధానమైన పని. నిజానికి ‘వాకింగ్ సిమ్యులేటర్’ ఒక ఎకసెక్కం. ఇందులో చేయడానికేమీ లేదనీ, ఇది ఆటే కాదనీ దాని భావం. ఆటలకు వినియోగదారులే లేబుళ్ళు తగిలించే సౌకర్యాన్ని స్టీమ్ దుకాణం 2014 ఫిబ్రవరిలో ప్రవేశపెట్టడంతో ఎకసెక్కం దుకాణపు అరలోకి చేరింది. అటుపై ఆ పేరును నిర్మాతలూ విమర్శకులూ వెక్కిరింపు భావం లేకుండా వాడసాగారు. ఈ కోవకే చెందుతుందని చాలామంది భావించే వాట్ రిమెయిన్స్ ఆఫ్ ఎడిత్ ఫించ్ 2018లో బాఫ్టా ఉత్తమ గేమ్ పురస్కారం పొందింది. గెంటివేయడానికి పెట్టిన పేరు కింద ఒక ప్రక్రియ స్థిరపడింది. నిందార్థం కొంత అరిగిపోయి రూఢి మిగిలింది. పూర్తిగా అరిగిపోయిందని మాత్రం చెప్పలేము.

3. ప్రమాణాల సాంకర్యం

ధనంజయుడు పదో శతాబ్దిలో దశరూపకం రాసినప్పుడు, రూపకాల మధ్య భేదాన్ని నిర్ణయించేవి వస్తువు, నేత, రసం అని ముందుగానే ప్రకటించాడు. ఆ మూడు ప్రమాణాలతో ఒప్పుకోకపోవచ్చు. డిమం, ఈహామృగం వంటి భేదాలకు లక్ష్యాలు అరుదని ఆక్షేపించవచ్చు. కాని ఏ ప్రశ్నకు జవాబుగా విభజన జరిగిందో పాఠకుడికి తెలుసు. వీడియో గేముల జాబితాల్లో కొరవడింది ఈ ప్రకటనే.

క్రిస్ క్రాఫర్డ్ 1984లో ప్రచురించిన తన గ్రంథంలో ఆటలను నైపుణ్య-చర్యాప్రధానాలు, వ్యూహప్రధానాలు అని రెండు పెద్ద తరగతులుగా విడదీశాడు. తన విభజనకు త్వరలోనే కాలం చెల్లుతుందని తానే చెప్పుకున్నాడు. ఆ నిజాయితీ తరవాతి జాబితాల్లో అరుదు. మార్క్ జె. పి. వోల్ఫ్ 2001లో ఇచ్చిన జాబితాలో 42 ప్రక్రియలున్నాయి. సినిమా ప్రక్రియల్లా దృశ్యసామగ్రిని, ఇతివృత్తాన్ని బట్టి కాక, ఆడేవారి పరస్పర చర్యను బట్టి విభజించాలన్నది వోల్ఫ్ సూత్రం. సూత్రం బలమైనదే. జాబితాలో మాత్రం ‘తప్పించుకోవడం’, ‘పట్టుకోవడం’, ‘సేకరించడం’ వంటి చర్యల పక్కనే ‘అనుసరణ’ అనే ప్రక్రియ కనిపిస్తుంది. అనుసరణ అనేది మూలం ఏమిటన్న ప్రశ్నకు జవాబు. ఆడేవారు ఏం చేస్తారన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

ఈ తేడా ఎంతటిదో ఒక తెలుగు సందర్భం చూపుతుంది. బాహుబలి చిత్రాల ఆధారంగా 2017లో ఒక మొబైల్ గేమ్ వచ్చింది. రాజ్యాన్ని కట్టుకోవడం, సైన్యాన్ని పెంచుకోవడం, దాడి చేయడం, కాచుకోవడం అందులో చేయవలసిన పనులు. మాహిష్మతి పేరు చెరిపి వేరే పేరు పెట్టినా ఆట నడక మారదు. అప్పటికే ప్రచారంలో ఉన్న రాజ్యనిర్మాణ స్ట్రాటజీ గేముల కోవ అది. సినిమాను జానపద ప్రక్రియగా చదివే విమర్శకుడు ఆ ప్రక్రియను ఆటకు అంటగడితే, తెర మీది బొమ్మలను చదివినట్టవుతుంది గాని ఆటను చదివినట్టు కాదు. థామస్ ఆపర్లీ 2006లో రాసిన వ్యాసం హెచ్చరించింది కూడా ఇటువంటి పఠనం గురించే: పైకి కనిపించే ప్రాతినిధ్యం మీద ఆధారపడిన పేర్లు, ఆడేవారు ఆటతో వ్యవహరించే తీరును మరుగుపరుస్తాయని ఆయన వాదన.

ఇంతమాత్రం చేత రసాన్ని బట్టి పేరు పెట్టడం నిష్ప్రయోజనమని కాదు. ‘సర్వైవల్ హారర్’ అలాంటి పేరు. 1996లో క్యాప్‌కామ్ సంస్థ విడుదల చేసిన రెసిడెంట్ ఈవిల్‌తో అది వాడుకలోకి వచ్చింది. భయానకం అని చెప్పి ఊరుకుంటే అది నవలకూ సినిమాకూ సమానమే. ఈ ఆటలో భయాన్ని పుట్టించే ఉద్దీపనలు చిత్రమైనవి. తూటాలు తక్కువ. సంచిలో పట్టే వస్తువులు కొన్నే. కెమెరా గది మూలలో స్థిరంగా ఉండి, మలుపు అవతల ఏముందో చూపదు. అన్నిటికంటే ముఖ్యం, ఆటను భద్రపరచుకోవాలంటే టైపురైటరు కావాలి, దానికి సిరా రిబ్బను కావాలి. ఆ రిబ్బనులు లెక్కకు మించి దొరకవు. చనిపోతే గంటసేపటి శ్రమ పోతుంది. రంగస్థలం మీది భయం సహృదయుడికి లౌకిక భయం కాదని అభినవగుప్తుడి మార్గంలో చెప్పుకుంటారు. రెసిడెంట్ ఈవిల్ ఆడేవారి భయంలో ఒక పాయ మాత్రం శుద్ధ లౌకికం. పోయేది వారి సొంత కాలం. భూతగృహం కల్పితమే గాని, పోయిన గంట నిజం.

2005లో రెసిడెంట్ ఈవిల్ 4 వచ్చినప్పుడు కెమెరా పాత్ర భుజం వెనక్కి చేరింది, రిబ్బనులు మాయమయ్యాయి, తూటాలు పెరిగాయి. వస్తువు భయానకమే, శవాలు, పిశాచప్రాయులైన గ్రామస్థులు అన్నీ ఉన్నాయి. ఇది సర్వైవల్ హారరా, యాక్షనా అన్న వాదం అక్కడ మొదలైంది. వస్తువును చూసినవారు మొదటి పేరును, ఉద్దీపనలను చూసినవారు రెండో పేరును సమర్థించారు. ఇరువురూ ఒకే పదాన్ని భిన్న ప్రశ్నలకు జవాబుగా వాడుతున్నారు గనుక ఆ వాదం తెగలేదు. తెగే అవకాశమూ లేదు.

తెలుగు సాహిత్యంలోనూ ప్రక్రియానామాలు ఒకే ప్రమాణం మీద నిలబడినవి కావన్న అభ్యంతరం ఇక్కడ సహజం. శతకం సంఖ్యను బట్టి, ద్విపద ఛందస్సును బట్టి, ఉదాహరణం విభక్తులను బట్టి, చంపువు గద్యపద్యాల కలయికను బట్టి వచ్చిన పేర్లు. ద్విపదలో రామాయణం ఉంది, భాగవతం ఉంది, ఎవరూ తికమకపడరు. తికమకపడకపోవడానికి కారణం, ఆ పేర్లు రూఢాలని అందరికీ తెలిసి ఉండడమే. నూరు పద్యాలున్నంత మాత్రాన ఏ పద్యసంకలనాన్నీ శతకం అనరు. మకుటం కోసం చూస్తారు. ఎనిమిది పద్యాలు ఎక్కువైనా శతకం శతకమే. శతాబ్దాల పఠనం ఈ వివేకాన్నిచ్చింది. వీడియో గేములకు ఆ వ్యవధి దొరకలేదు. పైగా పేర్లను నిర్ణయించేవారిలో పండితుల కంటే వ్యాపారులు, అభిమానులు ఎక్కువ.

4. పేరు ఎవరి సొత్తు?

1990లలో డూమ్ పద్ధతిలో వచ్చిన ఆటలను ‘డూమ్ క్లోన్లు’ అనేవారు. 1993 నాటి ఆ ఆట పేరు క్రమంగా వెనక్కి తగ్గి, ‘ఫస్ట్-పర్సన్ షూటర్’ అనే వర్ణనాత్మకమైన పేరు దాని స్థానంలోకి వచ్చింది. జాతి పెరిగి, మూలపురుషుడి నీడలోంచి బయటపడిందన్నమాట. అన్ని వంశాలకూ ఇది జరగలేదు. మెట్రాయిడ్, కాసిల్‌వేనియా అనే రెండు ఆటల పేర్లను అతికించిన ‘మెట్రాయిడ్‌వేనియా’ నేటికీ చలామణిలో ఉంది. మూలమైన ఆటలు తెలియనివారికి ఆ పదం అర్థమయ్యే దారి లేదు.

రోగ్ వంశం కథ మరింత పాఠం చెబుతుంది. మైఖేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్, కెన్ ఆర్నాల్డ్ రూపొందించిన రోగ్ 1980 నాటిది. అక్షరాలతో గీసిన నేలమాళిగ ప్రతిసారీ కొత్తగా ఏర్పడుతుంది. పాత్ర చనిపోతే ఆట మొదటి నుంచే. 1987 నాటి నెట్‌హాక్ వంటివి ఆ మార్గంలో వచ్చాయి. 2008లో బెర్లిన్‌లో సమావేశమైన ఈ ఆటల నిర్మాతలు ‘రోగ్‌లైక్’కు లక్షణాల పట్టిక తయారుచేశారు. యాదృచ్ఛిక నిర్మాణం, శాశ్వత మరణం, వంతులవారీ కదలిక, గళ్ళ పలక వంటివి అందులో ఎక్కువ విలువ గలవి. అన్నీ ఉండి తీరాలని వారు అనలేదు. ఎన్ని ఉంటే అంత దగ్గరన్నారు. ఒక ప్రక్రియకు దాని నిర్మాతలే లక్షణగ్రంథం రాసుకున్న అరుదైన సందర్భం ఇది.

చిత్రమేమిటంటే అదే 2008లో డెరెక్ యూ రూపొందించిన స్పెలంకీ వెలువడింది. అందులో నేలమాళిగ ప్రతిసారీ మారుతుంది, మరణం శాశ్వతమే. కాని వంతులు లేవు, గళ్ళు లెక్కపెట్టి నడిచేది లేదు. అది పరుగెత్తి దూకే ప్లాట్‌ఫార్మర్. దాని వెంట వచ్చిన ఆటలు అధిక ప్రచారం పొందాయి. 2020 నాటి హేడీస్‌ను రోగ్‌లైక్ అంటున్న వేలమందిలో రోగ్ ఆడినవారు కొద్దిమందే ఉంటారు. పాత నిర్వచనాన్ని కాపాడదలచినవారు కొత్తవాటికి ‘రోగ్‌లైట్’ అనే పేరు ప్రతిపాదించారు. రెండు పేర్లూ నేడు ఒకదాని బదులు ఒకటి వాడుకలో ఉన్నాయి. లక్షణం లక్ష్యాన్ని అనుసరించాలన్న సూత్రాన్ని మన్నిస్తే బెర్లిన్ పట్టిక ఓడిపోయింది. అయితే నెట్‌హాక్ మార్గంలో నేటికీ ఆటలు రాస్తున్నవారు, తమ పేరు మీద తమకే అధికారం పోయిందని బాధపడితే, ఆ బాధ అర్థం లేనిది కాదు. దుకాణంలో ఆ పేరుతో వెతికినవారికి వారి ఆటలు ఇప్పుడు ఏ మూలనో తగులుతాయి.

దేశం మారితే పేరూ మారుతుంది. 1990లో మొదలైన ఫైర్ ఎంబ్లెమ్ జపాన్‌లో ‘సిమ్యులేషన్ ఆర్‌పీజీ’. ఆంగ్ల దేశాల్లో ‘టాక్టికల్ ఆర్‌పీజీ’. సైన్యాలను పటం మీద నడిపే ఆటలు జపాన్‌లో సిమ్యులేషన్ అనే తరగతిలోకి వెళ్ళగా, ఆంగ్లంలో సిమ్యులేషన్ అనగానే 1989 నాటి సిమ్‌సిటీ, విమానం నడిపే ఆటలు గుర్తుకొస్తాయి. రెండు భాషల పత్రికల నుంచి ‘సిమ్యులేషన్ గేముల’ జాబితాలు సేకరించి పోల్చే పరిశోధకుడు, పోల్చదగని రెండు రాశులను పోలుస్తున్నాడు.

5. ముఖవిశ్లేషణ, దాని హద్దు

ఆటలకు, భాషలో ఇతరత్రా కుటుంబసామ్యం మాత్రమే ఉంటుందన్న విట్‌గెన్‌స్టైన్ అభిప్రాయాన్ని ఉదహరించి చర్చ ముగించడం ఈ రంగంలో పరిపాటి. కుటుంబసామ్యం నిజమే కావచ్చు. కాని దత్తతకు ఎవరి సంతకం కావాలన్నదానికి అది సమాధానం ఇవ్వదు. అంతకంటే ఆచరణయోగ్యమైన మార్గం గ్రంథాలయశాస్త్రం నుంచి వచ్చింది. 1933లో కోలన్ వర్గీకరణను ప్రచురించిన ఎస్. ఆర్. రంగనాథన్, పుస్తకాన్ని ఒకే అరకు కట్టివేయకుండా వ్యక్తిత్వం, పదార్థం, శక్తి, దేశం, కాలం అనే ముఖాలుగా విశ్లేషించే పద్ధతిని నెలకొల్పాడు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో రూపుదిద్దుకున్న ఆ ఆలోచనాసరణే, ఎనభై ఏళ్ళ తరవాత వీడియో గేముల దగ్గరకు చేరింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జిన్ హా లీ, ఆమె సహ పరిశోధకులు 2014లో గేమ్ ప్రక్రియలను ముఖవిశ్లేషణకు గురిచేసి, ఆడే తీరు, దృష్టికోణం, ఇతివృత్తం, నేపథ్యం, మనోభావం వంటివాటిని వేరువేరుగా నమోదు చేయాలని సూచించారు.

ఈ పద్ధతిలో పోర్టల్ సమస్య తేలికపడుతుంది. దృష్టికోణం: ప్రథమపురుష, చర్య: గురిపెట్టడం, ఆడే తీరు: పజిల్, నేపథ్యం: ప్రయోగశాల. (ఆంగ్లంలోని ‘ఫస్ట్ పర్సన్’ తెలుగు వ్యాకరణంలో ఉత్తమపురుష, ‘ప్రథమపురుష దృష్టి’ అని రాసేవారు ‘వాడు, అది’ అని చెబుతున్నారు. పై వాక్యం కూడా ఆ తప్పుకు ఉదాహరణగానే ఉంచదగినది.) అయితే ముఖాలన్నీ నింపినా ప్రక్రియ చేతికి రాదు. హాఫ్-లైఫ్ 2కు పజిల్ ముఖం కూడా నింపవలసి వస్తుంది. అందులో అది గౌణం, పోర్టల్‌లో ప్రధానం అని చెప్పే అంగాంగిభావం పట్టికలో ఉండదు. గ్రంథాలయానికి ఆ వివేకం అవసరం లేదు; వెతికేవారికి దొరికితే చాలు. విమర్శకు అవసరం.

ప్రశ్నను ముందే ప్రకటించిన వర్గీకరణ ఎంత పదునుగా పనిచేస్తుందో న్యాయస్థానాలు చూపాయి. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన వ్యాజ్యంలో, 1968 నాటిదిగా ఉదహరించే తీర్పులో సుప్రీంకోర్టు, పదమూడు ముక్కల రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అనీ, మూడు ముక్కలాట వంటిది కేవలం అదృష్టమనీ వేరుచేసింది. అడిగిన ప్రశ్న ఒక్కటే: నైపుణ్యమా, అదృష్టమా? తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ జూద చట్టాలను సవరించి ఆన్‌లైన్ రమ్మీ వంటివాటిని నిషేధ పరిధిలోకి తెచ్చాయి. 2025లో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రశ్ననే మార్చింది: డబ్బు ఒడ్డుతున్నారా, లేదా? ఈ-స్పోర్ట్, సామాజిక క్రీడ, ధనక్రీడ అని విడదీసి, మూడోదానిలో నైపుణ్యం ఉన్నా లేకున్నా ఒకటే అన్నది. ముక్కలు అవే, ఆట అదే. ప్రశ్న మారడంతో తరగతి మారింది. ఈ విభజనతో విభేదించేవారు కూడా దేనితో విభేదిస్తున్నారో స్పష్టంగా చెప్పగలరు. ప్రక్రియల చర్చలో అరుదుగా దొరికే సౌకర్యం అది.

తెలుగులో ఈ రంగం మీద సిద్ధాంతవ్యాసాలు ఇంకా రావలసి ఉన్న దశలో, రూఢమైన పేర్లను అడ్వెంచర్, ఆర్‌పీజీ, రోగ్‌లైక్ అని ఉన్నవున్నట్టుగా తీసుకొని, అది ఏ వంశపు పేరో ఒక వాక్యంలో చెప్పడం క్షేమం. ‘నవల’ ఆ విధంగానే వచ్చింది. నేడు దానిలో కొత్తదనమన్న అర్థాన్ని ఎవరూ వెతకరు. అనువాదాన్ని యౌగికాలకు పరిమితం చేయవచ్చు. చిక్కల్లా మధ్యలో ఉన్నవాటితోనే. ‘పజిల్’ను తీసుకుంటే, అలెక్సీ పజిత్నోవ్ 1984లో మాస్కోలో రూపొందించిన టెట్రిస్‌నూ పోర్టల్‌నూ ఆంగ్లం అదే అరలో పెట్టింది. పోర్టల్‌లో ప్రతి గదికీ విడుపు ఉంది. ఒకసారి విప్పితే ఆ గది మళ్ళీ అంతగా ఆకర్షించదు. టెట్రిస్‌కు విడుపు లేదు. ముక్కలు రాలుతూనే ఉంటాయి, పేర్చగలిగినంతసేపు పేర్చి చివరకు ఓడిపోవడమే. తెలుగులో విప్పేదానిని పొడుపుకథ అంటారు, ప్రహేళిక అంటారు. పేర్చేదానిని ఆ మాటలతో ఎన్నడూ పిలవలేదు. ఆంగ్లం ఒకటిగా కలిపినవాటిని తెలుగు రెండుగా చూడగలిగే ఈ చోట, ‘పజిల్’ను యథాతథంగా తెచ్చుకుంటే ఉన్న భేదం పోతుంది, ‘ప్రహేళిక’ అని అనువదిస్తే టెట్రిస్ బయటపడిపోతుంది.